కొండదారి ఫన్ రన్‌ను ఊపిరి చెడకుండా పూర్తి చేయడం ఎలా

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ఫన్ రన్ అనగానే చదునైన రోడ్డు మీద 3 లేదా 5 కిలోమీటర్ల పరుగే చాలామందికి గుర్తుకొస్తుంది. నిర్వాహకులు దారిని ఏ ఘాట్ రోడ్డు మీదుగానో వేసినప్పుడు మాత్రం అదే 5 కిలోమీటర్లు పూర్తిగా వేరే పని అవుతుంది. రోజూ కాలువగట్టు మీద హాయిగా పరుగెత్తేవారు కూడా ఇలాంటి దారిలో రెండు చోట్ల ఇబ్బంది పడతారు. ఎక్కడం మొదలైన కొద్దిసేపటికే దమ్మంతా ఖర్చయిపోవడం ఒకటి, దిగేటప్పుడు తొడలు పట్టు తప్పి అడుగులు దబదబ పడడం రెండోది. మొదటిదానికి మందు, వేగాన్ని గడియారంతో కాక ఊపిరితో కొలుచుకునే అలవాటు. రెండోదానికి మందు, దిగడాన్ని ప్రత్యేకంగా సాధన చేయడం. ఎక్కడం గురించి అందరూ భయపడతారు గాని, దిగడం గురించి ఆలోచించేవారు తక్కువ. పరుగు మర్నాడు మెట్లు దిగలేక గోడ పట్టుకునేది అలా ఆలోచించనివాళ్లే.

ఈ సూచనలు ఇప్పటికే వారానికి మూడు రోజులు, ఆగకుండా అరగంట తేలికగా పరుగెత్తగలిగే ఔత్సాహికుల కోసం. అంత అలవాటు లేనివారు ముందుగా నడక, పరుగు కలిపి చదును రోడ్డు మీద ఆ స్థాయికి చేరుకోవాలి. రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బు ఉన్నవారు, కుటుంబంలో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారున్నవారు, చాలా ఏళ్లుగా వ్యాయామం లేకుండా నలభై దాటినవారు వైద్యుని సలహా తీసుకున్న తర్వాతే పేరు నమోదు చేసుకోవాలి.

మొదట దారిని చదవండి

పేరు నమోదు చేసుకున్న రోజే నిర్వాహకులను ఈ విషయాలు అడగండి: మొత్తం ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కాలి, ఆ ఎక్కుడు పరుగులో ఎక్కడ వస్తుంది, దారి తారుదా, సిమెంటుదా, మట్టిదా, మధ్యలో మెట్లున్నాయా, నీళ్లు ఎక్కడెక్కడ ఇస్తారు. దూరం కంటే మొదటి రెండు జవాబులే ముఖ్యం. ఒకటిన్నర కిలోమీటర్లలో 90 మీటర్ల ఎత్తు ఎక్కవలసి వస్తే ఏటవాలు నూటికి 6 అన్నమాట. కిలోమీటరులో 100 మీటర్లు ఎక్కవలసి వస్తే నూటికి 10.

ఈ అంకెలు మీ వేగానికి ఎలా వర్తిస్తాయో చూద్దాం. మనిషి ఏటవాలు మీద పరుగెత్తేటప్పుడు ఎంత శక్తి ఖర్చు చేస్తాడో శాస్త్రవేత్తలు కొలిచారు. ఆ కొలతల ప్రకారం నూటికి 6 ఏటవాలు మీద ఖర్చు చదును కంటే దాదాపు మూడో వంతు పెరుగుతుంది. నూటికి 10 మీద అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. చదును మీద కిలోమీటరుకు 7 నిమిషాలు తీసుకునేవారు అదే శ్రమతో నూటికి 6 ఎక్కుడు మీద సుమారు తొమ్మిదిన్నర నిమిషాలు, నూటికి 10 మీద పదకొండు నిమిషాలకు పైగా తీసుకుంటారు. చురుకుగా నడిచేవారు చదును మీద కిలోమీటరును 12 నిమిషాల్లో నడుస్తారని గుర్తుంచుకుంటే, నిటారు ఎక్కుడులో పరుగుకూ వడినడకకూ ఎంత తక్కువ తేడా మిగులుతుందో అర్థమవుతుంది. కాబట్టి అక్కడ నడవడం ఓటమి ఎంతమాత్రమూ కాదు. పైకి చేరాక పరుగెత్తడానికి కాళ్లలో సత్తువ మిగుల్చుకునే పద్ధతి. ఇంకో విషయం కూడా ఈ కొలతల వల్ల తెలుస్తుంది. దిగేటప్పుడు ఆదా అయ్యే శక్తి, ఎక్కేటప్పుడు అదనంగా ఖర్చయిన శక్తి కంటే తక్కువ. పోయిన సమయమంతా దిగుడులో రాబట్టుకుందామని లెక్క వేసుకోకండి.

వీలైతే పరుగుకు రెండు మూడు వారాల ముందు ఒక ఉదయం ఆ దారి మొత్తం నడిచి రండి. ఎక్కుడు ఎక్కడ మొదలవుతుందో, మలుపు తిరిగాక ఇంకా ఎంత ఉందో, ఎక్కడ కాస్త చదును తగులుతుందో ఒక కాగితం మీద రాసుకోండి. కింద నుంచి చూస్తే శిఖరంలా కనిపించేది చాలాసార్లు మధ్య మలుపే అవుతుంది. ఆ సంగతి ముందే తెలిసినవారు అక్కడ దమ్ము మొత్తం ఖర్చు చేయరు.

సాధనకు చోటు ఎంచుకోవడం

చదును పరుగుకు విజయవాడలో చోట్లకు కొదవ లేదు. తెల్లవారుజామున వాహనాలు పెరగకముందు ప్రకాశం బ్యారేజీ అందుకు మంచి కొలబద్ద. 1957లో ప్రారంభమైన ఆ బ్యారేజీ పొడవు సుమారు 1223 మీటర్లు కాబట్టి, ఇటు రెండుసార్లు, అటు రెండుసార్లు పరుగెత్తితే 5 కిలోమీటర్లకు కొద్దిగా తక్కువ అవుతుంది. అక్కడ మీకు హాయిగా పట్టే సమయమే మీ చదును వేగం. పైన చెప్పిన లెక్కలన్నీ దాని మీద వేసుకోవాలి.

ఎక్కుడు సాధనకు మాత్రం చోటును జాగ్రత్తగా ఎంచుకోవాలి. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీద భక్తుల రద్దీ, వాహనాలు ఎక్కువగా ఉంటాయి. అక్కడ పరుగు సాధన చేయడం భక్తులకు ఇబ్బంది, మీకు ప్రమాదం. రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న గాంధీ కొండ, ఊరికి కాస్త దూరంగా ఉన్న కొండపల్లి ఖిల్లా ఘాట్ రోడ్డు, గుంటూరు వైపు వారికి మంగళగిరి, కొండవీడు అందుబాటులో ఉన్నాయి. గాంధీ కొండ మీద 1968లో అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఆవిష్కరించిన 52 అడుగుల స్తూపం ఉంది. సాధన ముగించుకుని దాని దగ్గర నిలబడితే ఊరంతా కనిపిస్తుంది, ఒక్కసారైనా చూడదగ్గ దృశ్యం. ఈ చోట్లన్నిటికీ ప్రవేశ వేళలు, నిబంధనలు ఉంటాయి కాబట్టి ముందుగా అడిగి తెలుసుకుని వెళ్లండి. మంగళగిరి పానకాల స్వామి మెట్లను వ్యాయామానికి వాడుకునేవారు చెప్పులు విప్పవలసిన చోటు ఎక్కడ మొదలవుతుందో చూసుకుని, అక్కడికి ముందే ఆగి తిరిగి రావడం మర్యాద.

కొండ దాకా వెళ్లలేనివారికి అపార్ట్‌మెంటు మెట్లు చాలు. ఒక్కో మెట్టు సాధారణంగా 15 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. 100 మెట్లు ఎక్కితే 15 మీటర్లు ఎక్కినట్టే. దిగేటప్పుడు లిఫ్ట్ వాడకండి, ఎందుకంటే మీకు కావలసిన సాధనలో సగం ఆ దిగడంలోనే ఉంది. ఫ్లైఓవర్లు ఏటవాలుగా ఉన్నాయి కదా అని వాటి మీదికి మాత్రం వెళ్లకండి. అక్కడ వాహనాల వేగం ఎక్కువ, పక్కకు తప్పుకోవడానికి చోటుండదు.

ఘాట్ రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు ఎదురుగా వచ్చే వాహనాలు మీకు కనిపించేలా కుడి పక్కన ఉండండి. కుడివైపు తిరిగే హెయిర్‌పిన్ మలుపుల దగ్గర మాత్రం ఎదురు వాహనం మిమ్మల్ని చివరి క్షణం దాకా చూడలేదు. అలాంటి చోట మలుపుకు ముందే ఆగి, రెండు వైపులా చూసి, మలుపు బయటి పక్కకు మారండి. చెవుల్లో పాటలు వద్దు. చేతిలో తినుబండారాల సంచి కూడా వద్దు. కొండల మీది కోతులు ముందుగా పట్టించుకునేది దాన్నే. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి, వాటి వైపే తిరిగి, నెమ్మదిగా వెనకడుగు వేయండి.

ఎనిమిది వారాల సాధన

మొదటి రెండు వారాలూ చదును పరుగు మూడు రోజులు అలాగే సాగిస్తూ, నాలుగో రోజున ఇరవై, ముప్పై నిమిషాలు ఎక్కుడు దారిలో వడిగా నడిచి, అదే దారిలో మెల్లగా పరుగెత్తుతూ దిగండి. పిక్కలకు, మడమ వెనక స్నాయువుకు (పిక్కను మడమ ఎముకకు కలిపే పట్టీకి) అలవాటు కావడానికి ఈ సమయం అవసరం. ఉత్సాహం కొద్దీ మొదటి వారమే కొండ మీద పరుగు మొదలుపెట్టినవారికి ముందుగా దెబ్బతినేది ఆ మడమ స్నాయువే.

మూడో వారం నుంచి ఆరో వారం దాకా వారంలో ఒక రోజు చిన్న ఎక్కుళ్ల సాధన చేయండి. పది నిమిషాలు తేలికగా పరుగెత్తి ఒళ్లు వెచ్చబడ్డాక, ఓ మోస్తరు ఏటవాలు మీద 30 నుంచి 45 సెకన్ల పాటు గట్టిగా పైకి పరుగెత్తి, నడుచుకుంటూ కిందికి వచ్చి, ఊపిరి పూర్తిగా కుదుటపడ్డాక మళ్లీ ఎక్కండి. మొదట ఆరుసార్లు, తర్వాత ఎనిమిదిసార్లు చాలు. అదే వారంలో మరో రోజు, ఎనిమిది పది నిమిషాల పాటు ఆగకుండా ఒకే శ్రమతో ఎక్కే సాధన చేయండి. ఇక్కడ వేగం లెక్క కాదు. పక్కనున్న స్నేహితునితో ఐదారు మాటల వాక్యం ఒకే ఊపిరిలో చెప్పగలిగితే శ్రమ సరిగ్గా ఉన్నట్టు. రెండు మాటలకే ఊపిరి తెగిపోతుంటే వేగం తగ్గించండి. తగ్గించినా కుదరకపోతే నడవండి. ఊపిరి కుదుటపడగానే మళ్లీ పరుగు అందుకోండి. పరుగు నుంచి నడకకు, నడక నుంచి పరుగుకు తడబడకుండా మారడం కూడా సాధనతోనే వస్తుంది. పోటీ రోజున మొదటిసారి ప్రయత్నించేవారు పూర్తిగా అలసిపోయేదాకా ఆగి అప్పుడు నడుస్తారు, అప్పటికి ఆలస్యమైపోతుంది.

ఎక్కేటప్పుడు ఒంటి తీరు కూడా చెప్పుకోవాలి. నడుము దగ్గర వంగితే ఊపిరికి చోటు తగ్గుతుంది. చీలమండల దగ్గర నుంచి ఒళ్లంతా కొద్దిగా ముందుకు వాలాలి. అడుగు పొడవు తగ్గించి, అడుగుల లయ మాత్రం చదునులో ఉన్నట్టే ఉంచాలి. చూపు పది, పదిహేను మీటర్ల ముందు నిలపాలి. చేతులను వెనక్కి బాగా ఊపితే కాళ్లు వాటంతటవే కదులుతాయి. నిటారుగా ఉన్నచోట నడవవలసి వస్తే అరచేతులతో తొడలను మోకాళ్లకు కాస్త పైన నొక్కుతూ ఎక్కండి, పిక్కల మీద భారం తగ్గుతుంది.

దిగడం నేర్చుకోవడం

ఎక్కేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ బరువును ఆపవలసి వస్తుంది. అలవాటు లేని కండరాన్ని ఎక్కువగా దెబ్బతీసేది రెండో రకం పనే. ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు. ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత ముదురుతుంది. అయితే ఇందులో మనకు అనుకూలమైన సంగతి ఒకటుంది. ఒకసారి దిగుడు పరుగుతో నొచ్చుకుని కోలుకున్న తొడలు, అదే పని రెండోసారి చేసినప్పుడు చాలా తక్కువ నొస్తాయి. ఆ రక్షణ కొన్ని వారాల పాటు నిలుస్తుంది. అందువల్ల సాధనలో దిగడాన్ని తప్పించుకోవడం అంటే నొప్పినంతటినీ పోటీ రోజు కోసం దాచిపెట్టడమే.

మూడో వారం నుంచి వారానికి ఒకసారి, తక్కువ ఏటవాలు మీద 200 మీటర్ల దిగుడును మూడు నాలుగుసార్లు పరుగెత్తండి. పెద్ద అంగలు వేయకండి. కాలు ఒంటికి ముందు దూరంగా పడి మడమ నేలను తాకితే, ప్రతి అడుగూ బ్రేకు వేసినట్టవుతుంది, ఆ దెబ్బ మోకాలికి తగులుతుంది. చిన్నచిన్న అడుగులు, వడివడిగా, పాదం మీ తుంటికి దాదాపు కిందనే పడేలా వేయండి. మోకాళ్లను కాస్త వంచి ఉంచండి. భయంతో ఒళ్లు వెనక్కి వాలుతుంది. దాన్ని గమనించి, రోడ్డుకు లంబంగా ఉండేలా సరిచేసుకోండి. చేతులు కొద్దిగా పక్కలకు విప్పితే నిలకడ వస్తుంది. వేగం మీ అదుపు తప్పుతోందనిపిస్తే అడుగును ఇంకా చిన్నది చేయండి, రోడ్డు వెడల్పు ఉంటే కాస్త అటూ ఇటూగా దిగండి. మెట్ల మీద, తడి సిమెంటు మీద, గులకరాళ్లు పరచుకున్న అంచుల మీద దిగుతూ పరుగెత్తవద్దు, అక్కడ నడవండి.

ఇంట్లో చేయదగిన మంచి కసరత్తు ఒకటుంది. మెట్టు అంచు మీద ఒంటికాలిపై నిలబడి, రెండో కాలి మడమ కింది మెట్టును తాకేదాకా మూడు నాలుగు అంకెలు లెక్కిస్తూ నెమ్మదిగా మోకాలు వంచి, మళ్లీ పైకి లేవండి. ఒక్కో కాలికి పదిసార్లు, వారానికి మూడు రోజులు చేయండి. దానికి తోడు మునివేళ్ల మీద లేచి నెమ్మదిగా దిగే పిక్కల కసరత్తు కూడా చేయండి. మోకాలి చిప్ప ముందు పదునైన నొప్పి వస్తే ఆపి, ఫిజియోథెరపిస్టుకు చూపించుకోండి.

కష్టమైన దిగుడు సాధన చివరిసారిగా పోటీకి పది పన్నెండు రోజుల ముందు చేసి అక్కడితో ఆపండి. చివరి వారంలో మొత్తం పరుగు సగానికి తగ్గించాలి. ఆ వారంలో కొత్తగా సంపాదించేదేమీ ఉండదు, కాళ్లకు విశ్రాంతి తప్ప.

తిండి, నీళ్లు, బూట్లు

మన దగ్గర ఎండకు తోడు కృష్ణ ఒడ్డున ఉక్కపోత కూడా ఎక్కువ. గాలిలో తేమ పెరిగితే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. చలికాలపు ఉదయాలే ఈ పరుగులకు తగిన సమయం; నడివేసవిలో కొండ పరుగుకు పేరు ఇవ్వకపోవడమే మంచిది.

ముందు రోజు రాత్రి ఇంట్లో అలవాటైన అన్నమే తినండి. ఆవకాయ, వేపుళ్లు, కొత్త హోటలు భోజనం ఆ ఒక్క రాత్రికి పక్కన పెట్టండి. పరుగుకు రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు గాని, ఒక అరటిపండు గాని సరిపోతాయి. 5 కిలోమీటర్ల పరుగు గంటలోపు ముగుస్తుంది కాబట్టి మధ్యలో దాహమైతేనే నీళ్లు తాగండి. కడుపు నిండా నీళ్లు పట్టించి పరుగెత్తితే డొక్కలో పోటు వస్తుంది. ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, బెల్లం పానకం వంటివి పరుగు ముగిశాక తాగడానికి చక్కగా ఉంటాయి.

బూట్లు కనీసం నెల రోజులు వాడినవై ఉండాలి. దిగేటప్పుడు పాదం ముందుకు జారుతుంది కాబట్టి బొటనవేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, గోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోవాలి. తొడలు, చంకలు ఒరుసుకునేవారు కొబ్బరినూనె గాని, వాజెలిన్ గాని రాసుకోవాలి.

పోటీ ఉదయం

గంట ముందే చేరుకోండి. జనవరిలో మన దగ్గర సూర్యోదయం ఆరున్నర దాటాకే కాబట్టి చీకట్లో వెళ్లవలసి వస్తే లేత రంగు బట్టలు వేసుకోండి. బిబ్ (ఛాతీకి పెట్టుకునే నంబరు కాగితం) వెనక మీ పేరు, రక్తపు గ్రూపు, ఇంటివారి ఫోన్ నంబరు రాసుకోండి. పది నిమిషాలు మెల్లగా పరుగెత్తి, కాళ్లు ఊపి, చివర్లో రెండు మూడుసార్లు చిన్న ఎక్కుడు ఎక్కి దిగండి. వెచ్చబడని ఒంటితో ఎక్కుడు మొదలుపెడితే మొదటి వందలాది అడుగులు వగర్పులోనే పోతాయి.

బరిలో మీ వేగానికి తగిన చోట నిలబడండి. ఫన్ రన్‌లో పిల్లలు, తాతయ్యలు, ఫోటోలు తీసుకునే కుటుంబాలు అందరూ ఉంటారు. అది వారి పండుగ కూడా. గట్టిగా పరుగెత్తదలచినవారు ముందు వరుసలకు పోవాలి, నడవదలచినవారు వెనకా ఎడమ పక్కనా ఉండాలి. ఎవరినైనా దాటేటప్పుడు "కుడి నుంచి వస్తున్నానండీ" అని ముందే చెప్పి, కుడి నుంచే దాటండి. పిల్లలు హఠాత్తుగా ఆగుతారు, వాళ్ల వెనక రెండు మూడు అడుగుల ఎడం ఎప్పుడూ ఉంచండి.

మొదటి కిలోమీటరు మీకు నెమ్మదిగా అనిపించాలి. జనం ఊపులో కొట్టుకుపోయి ఇక్కడ సంపాదించిన నిమిషం కొండ మీద రెండు మూడు నిమిషాలుగా పోతుంది. ఎక్కుడు మొదలవగానే వాచీ చూడడం మానేయండి, సాధనలో అలవాటు చేసుకున్న ఐదారు మాటల పరీక్ష పెట్టుకోండి. ఎవరైనా దాటిపోతే పోనివ్వండి; సాధన లేకుండా పైకి దూసుకుపోయేవారిలో చాలామంది రెండో మలుపులో మీకు కనిపిస్తారు. శిఖరం చేరగానే ఆగిపోకుండా, ఇరవై ముప్పై అడుగులు తేలికగా వేసి ఊపిరి దిద్దుకుని, అప్పుడు దిగుడు మొదలుపెట్టండి. దిగుడు ముగిసి చదును తగిలినప్పుడు కాళ్లు కొద్దిసేపు మనవి కానట్టు ఉంటాయి. ఒక నిమిషం ఓపిక పడితే లయ తిరిగి దొరుకుతుంది. మిగిలిన సత్తువను ఖర్చు చేయవలసిన చోటు ఆ తర్వాతే, ఫినిష్ లైన్ దాకా.

ఛాతీలో నొప్పి లేదా బరువు, కళ్లు తిరగడం, చలి వేస్తున్నట్టు ఒళ్లు గగుర్పొడవడం, మాట తడబడడం, ఎక్కడున్నామో తెలియకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆగి వాలంటీర్లను పిలవండి. పక్కవారిలో కనిపించినా మీ పరుగు ఆపి వారిని నీడకు చేర్చండి, తల మీద, మెడ మీద, చంకల్లో నీళ్లు పోసి గాలి విసరండి, 108కు ఫోన్ చేయించండి. తికమకపడుతున్న మనిషికి నోటి ద్వారా నీళ్లు పట్టించకండి.

పరుగు తర్వాత

ముగియగానే కూర్చోకుండా పది నిమిషాలు నడవండి. గంటలోపు అన్నం, పప్పు, పెరుగు లేదా గుడ్డు వంటి మామూలు భోజనం చేయండి. రెండో రోజు తొడలు బాగా నొస్తాయి. ఆ రోజు చదును మీద ఇరవై నిమిషాల నడక, రాత్రి మంచి నిద్ర చాలు, గట్టిగా మర్దనా చేయించుకోవద్దు. నొప్పి మాత్రల కోసం తొందరపడకండి. నొప్పి పూర్తిగా తగ్గి, మెట్లు హాయిగా దిగగలిగాకే మళ్లీ పరుగు మొదలుపెట్టండి, కొండ మీదికి మరో వారం ఆగి వెళ్లండి. నొప్పి రోజురోజుకూ తగ్గకుండా పెరుగుతున్నా, ఒకే చోట ఎముక మీద వేలు పెడితే నొస్తున్నా, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తున్నా మాత్రం ఆలస్యం చేయకుండా అదే రోజు వైద్యుని దగ్గరకు వెళ్లాలి.